రెజైనా దారిలో వేడెక్కిన కొత్త బండి

ఒషావా నుంచి రెజైనాకి కొత్త పికప్ వెనక చక్రాల మీద గది లాంటి క్యాంపర్ తగిలించుకుని వెళ్ళాలనుకునేవాళ్ళకి ముందే ఒక మాట. దారి బాగుంటుంది. బండి కూడా బాగానే ఉంటుంది. మిగతాది వినండి.

నేను కార్ల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు తలుపులకి రబ్బరు బిగించినవాణ్ణి. అందుకని బండ్ల గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. అమ్మేవాడు చెప్పినా, బాగుచేసేవాడు చెప్పినా వినను. ఎవరైనా ఏదైనా చెప్పబోతే నా నోట మొదట వచ్చేది, "ఇది నీకెవరు నేర్పించారు?" అనే మాటే. మా ఆవిడ సుగుణ పాతికేళ్ళుగా వింటోంది.

రెజైనా దగ్గర సరస్సు ఒడ్డున మన తెలుగు క్రైస్తవ సంఘాల కుటుంబ కూడిక మంగళవారం మొదలు. గదులు చాలవన్నారు. మార్చిలో కొన్న పాత క్యాంపర్, దాన్ని లాగడానికి మేలో కొన్న కొత్త పికప్ ఉన్నాయి కదా అని నేను బయల్దేరాను. సుగుణ తెలివైనది, సోమవారం విమానంలో వస్తానంది.

తోడుగా మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అనిల్‌ని ఎక్కించుకున్నాను. కరీంనగర్ అబ్బాయి, ఇరవై నాలుగేళ్ళు. రెండు మూడేళ్ళుగా ఒషావా నిండా మన పిల్లలే. మా వీధిలో విద్యార్థులు లేని బేస్‌మెంట్ లేదు. డోనట్ కొట్టులో రెండు ఉద్యోగాలుంటే బయట వీధి మలుపు దాకా క్యూ. అనిల్ కాలేజీ అయ్యాక ఎనిమిది నెలలు తిరిగి తిరిగి, చివరికి రెజైనాలో ఒక ఆఫీసులో కంప్యూటర్ల పని సంపాదించాడు. సోమవారం పొద్దున తొమ్మిదింటికల్లా చేరాలి. చేరకపోతే లైన్లో ఇంకొకడున్నాడని వాళ్ళు మెయిల్లోనే రాశారు. వర్క్ పర్మిట్ ఇంకా ఏడు నెలలే ఉంది. అతనికి టికెట్ ఖర్చు మిగులుతుంది, నాకు మాట తోడు ఉంటుంది అనుకున్నాం. స్టీరింగ్ మాత్రం ఇవ్వనని ముందే చెప్పాను.

ఎందుకంటే జూన్‌లో ఒకసారి ఇచ్చి చూశాను. "పరుపులు తెచ్చుకుంటం అంకుల్, ఒక్క ట్రిప్పే" అన్నాడు. సాయంత్రం మీటరు చూస్తే తొంభై నాలుగు కిలోమీటర్లు! అడిగితే, స్కార్‌బరోలో ఎవరో ఫ్రీగా ఇస్తున్నారంటే అక్కడిదాకా పోయామన్నాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికని చెప్పినట్టుందని అప్పుడే అనుకున్నాను.

బుధవారం పొద్దున అయిదున్నరకి ప్రార్థన చేసుకుని బండి తీశాం. బండి ముందు కూడిక బ్యానర్ కట్టాను. మన ఊళ్ళో వేయించే ఫ్లెక్సీ లాంటిదే. పైన బైబిలు వాక్యం, మధ్యలో పాస్టరుగారు, కింద కమిటీ సభ్యులు, ఆ వరుసలో రవాణా బాధ్యుడిగా నేను. హెడ్‌లైట్ నుంచి హెడ్‌లైట్ దాకా గ్రిల్లు మీద సరిగ్గా సరిపోయింది. నాలుగు మూలలా తాడుతో బిగించాను. మాది నరసాపురం, వలకి వేసే ముడులు నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. సుగుణ వాకిట్లో నిలబడి దాన్ని చూసి ఏదో అనబోయి, "జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

ఎనిమిదిన్నరకి బ్యారీ దాటాక పెట్రోలు, కాఫీ. పులిహోర డబ్బా మధ్యాహ్నం ఫ్రెంచ్ నది వంతెన దగ్గర విప్పాం. అక్కడికి ముందున్న ఎత్తుల్లోనే మొదటిసారి చూశాను. డాష్‌బోర్డు మీద గేర్‌బాక్స్ వేడి చూపించే ముల్లు మధ్యలో ఉండాల్సింది, కుడివైపుకి జరిగి ఉంది. పంతొమ్మిది వందల కిలోమీటర్లు కూడా తిరగని బండి!

అప్పుడే నా బుర్రలో ముద్దాయిల జాబితా తయారైంది. మొదటివాడు బండి అమ్మినవాడు. అడక్కుండానే కాళ్ళ కింద మ్యాట్లు ఫ్రీగా ఇచ్చాడు. ఊరికే ఎవడైనా ఏదైనా ఇస్తాడా? రెండోవాడు క్యాంపర్ అమ్మిన ముసలాయన. బరువెంత అంటే, "ఎంతో ఉండదు, ఈకలాగా వస్తుంది" అన్నాడు. మూడోవాడు నా పక్క సీట్లో పులిహోర తింటున్నాడు.

"అనిల్, ఆ పరుపుల రోజు దీని వెనక ఏమైనా తగిలించి లాగారా?"

"లేదంకుల్. బండి వెనక తొట్టిలనే ఏసుకొచ్చినం."

తల ఎత్తకుండా చెప్పాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వెంటనే చెయ్యి తుడుచుకుంటూ బండి ముందుకెళ్ళాడు. వంగి ఏదో చూస్తున్నాడు. నేను చూస్తున్నానని తెలిసి లేచి వచ్చేశాడు.

సాయంత్రం అయిదింటికి సడ్బరీ దాటాక ఒక క్యాంప్‌గ్రౌండ్‌లో ఆగాం. కరెంటు కనెక్షన్‌తో కలిపి నలభై ఎనిమిది డాలర్లు, స్నానాలకి వేడినీళ్ళు బాగున్నాయి. కుక్కని తిప్పుతున్న పక్క సైటు పెద్దాయన మా బండి దగ్గర ఆగి, "పాపం, బాగా ఆయాసపడుతున్నట్టుందే" అన్నాడు. కొత్త బండిని చూసి ఏడుస్తున్నాడనుకున్నాను.

గురువారం పొద్దున బండి చుట్టూ తిరిగి చూస్తే బ్యానర్ కుడివైపు రెండు ముడులూ విప్పి ఉన్నాయి. ఆ ముడులు గాలికి ఊడేవి కావు, చేత్తో విప్పితేనే వస్తాయి. అనిల్ బ్రష్ నోట్లో పెట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. మన వాక్యం, మన పాస్టరుగారు ఉన్న బ్యానర్ కట్టిన బండిలో రావడం నామోషీ కాబోలు ఈ కుర్రాడికి! మళ్ళీ కట్టాను, ఈసారి మూలకి రెండేసి ముడులు.

సూ సెయింట్ మేరీలో మధ్యాహ్నం పన్నెండున్నరకి పెట్రోలు కొట్టించాం. అక్కణ్ణించి దారి సుపీరియర్ సరస్సు పక్కనే. అది సరస్సంటే నమ్మరు. మా నరసాపురం తీరంలో సముద్రం ఎంతో ఇదీ అంతే, ఉప్పు వాసన ఒక్కటే లేదు. కానీ నేను దాన్ని చూసింది తక్కువ, ముల్లుని చూసింది ఎక్కువ. మూడు గంటలకి ఒక పెద్ద ఎత్తు వచ్చింది. సగం ఎక్కామో లేదో ఇంజన్ ఊళ పెట్టింది, గేరు మారలేదు, ముల్లు ఎర్ర గీత తాకింది. గేర్‌బాక్స్ వేడెక్కింది, బండి ఆపమని తెర మీద అక్షరాలు వచ్చాయి. పక్కకి తీసి ఆపాను. వెనక లారీలు హారన్లు కొట్టుకుంటూ పోయాయి.

నలభై నిమిషాలు అలాగే కూర్చున్నాం. భయం వేసింది, దాని వెనకే కోపం వచ్చింది.

"నిజం చెప్పవయ్యా. జూన్‌లో ఏం చేశావు దీన్ని?"

"నేనేం చెయ్యలే అంకుల్. ఒట్టు."

"రేపు పొద్దున వెనక్కి తిప్పుతున్నాను. ఒషావా వెళ్ళి అమ్మినవాణ్ణి నిలదీస్తే ఎవరు చేశారో వాడే తేలుస్తాడు."

"అంకుల్, సోమవారం జాయినింగ్..." అని ఆగిపోయాడు. కాసేపటికి మెల్లగా, "మీరు వెనక్కి పోండి అంకుల్. నేను లిఫ్ట్ అడుక్కుంట పోత" అన్నాడు. రెండు వేల కిలోమీటర్లు! బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ముప్పై, నలభై స్పీడులో ఈడ్చుకుంటూ ఏడింటికి వావా అనే ఊరు చేరాం. మోటెల్ గది నూట ముప్పై డాలర్లు, మంచాలు రెండు. శుక్రవారం ఎనిమిదింటికి ఊళ్ళో ఉన్న గ్యారేజీకి వెళితే, ఈ వారమంతా ఖాళీ లేదన్నాడు అక్కడి ముసలి మెకానిక్. అనిల్ ముందుకొచ్చి తన ఆఫర్ లెటర్ ఫోన్లో చూపించాడు. "సార్, సోమవారం తొమ్మిదికి నేను రెజైనాలో ఉండాలి. ఒక్కసారి చూడండి చాలు" అన్నాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని పూర్తిగా చదివాడు. మధ్యాహ్నం భోజనం మానేసి చూస్తానన్నాడు.

పన్నెండుకి బయటికొచ్చాడు. బానెట్ ఎత్తలేదు, కిందికి దూరలేదు. బండి ముందు నిలబడి, వేలితో బ్యానర్ అంచు ఎత్తి చూశాడు.

"ఈ పరదా ఎవరు కట్టారు?"

"నేనే" అన్నాను. "దీనికేం?"

"దీని వెనక జల్లెడలాంటిది కనిపిస్తోందా? గేర్‌బాక్స్ నూనె అక్కడికొచ్చి చల్లారుతుంది. గాలి తగిలితేనే. మామూలుగా అయితే కొంత ఓర్చుకునేదేమో. వెనక ఇంత బరువు తగిలించి, ముందు ముక్కు మూసేశావు."

ఇది నీకెవరు నేర్పించారు అనడానికి నోరు తెరిచాను. ఆయన వెనక గ్యారేజీ గోడ మీద నలభై ఏళ్ళ నాటి మెకానిక్ సర్టిఫికెట్ కనిపిస్తోంది. నోరు మూసుకున్నాను.

నూనె తీసి వాసన చూశాడు, కాలలేదన్నాడు. కొత్త నూనె పోసి దాని ఖరీదే తీసుకున్నాడు. బ్యానర్ విప్పబోతే నా ముడులు నాకే రాలేదు. అనిల్ వచ్చి చకచకా విప్పాడు. బాగా అలవాటైన చేతుల్లా ఉన్నాయి. విప్పుతుంటే చూశాను, పాస్టరుగారి మొహం ఆ జల్లెడకి పైన ఉంది. సరిగ్గా ఆ జల్లెడకి ఎదురుగా పళ్ళు కనిపించేలా నవ్వుతున్నది నేనే.

"మొన్న విప్పింది నువ్వే కదూ?"

"అవునంకుల్. ఫ్రెంచ్ నది కాడ చెయ్యి పెట్టి చూస్తే లోపల మస్తు వేడి. గాలి రావట్లేదని అనిపించింది."

"మరి చెప్పవేం?"

అతను బ్యానర్‌ని నేలకి తగలకుండా మడత పెడుతున్నాడు. "మీ దేవుని మాట ఉంది అంకుల్ దాని మీద. నేను తీసెయ్యమంటే మీరింకోలా అనుకుంటారని. పరుపుల సంగతి మీరు ఇంకా నమ్మట్లేదు. ఇది చెప్తే మాట మార్చిండనుకుంటరు."

నాకు సిగ్గేసింది. మెకానిక్ ముందు కాదు, ఆ మడత పెట్టడం చూసి. తాళంచెవి అతని చేతిలో పెట్టాను. "క్షమించు నాయనా. నువ్వే నడుపు" అన్నాను.

ఒంటిగంటకి బయల్దేరాం. ముల్లు మధ్యలోకొచ్చి అక్కడే కూర్చుంది. ఆ రాత్రి మారథాన్ అనే ఊళ్ళో, శనివారం రాత్రి డ్రైడెన్‌లో ఆగాం. ఆదివారం పొద్దున ఆరింటికి ఎక్కి ఒకరి తర్వాత ఒకరం నడిపాం. విన్నిపెగ్ దాటాక ఎత్తుపల్లాలు లేవు, రెండు పక్కలా ఆవచేల లాంటి పసుపుపచ్చటి పొలాలు. తొమ్మిదింటికి రెజైనా చేరేసరికి ఇంకా వెలుతురుంది. సోమవారం ఎనిమిదీ నలభైకి అతని ఆఫీసు ముందు దింపాను. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు. రెండడుగులు వేసి వెనక్కొచ్చి, "అంకుల్, ముల్లు చూస్కోండి" అని లోపలికి పరిగెత్తాడు.

కూడికలో బ్యానర్‌ని హాలు గోడకి కట్టాం. గోడకి ఊపిరి అక్కర్లేదు కనుక ఏ గొడవా రాలేదు.

తిరుగు ప్రయాణానికి శుక్రవారం పొద్దున ఏడింటికి బయల్దేరాం. అనిల్ ఆఫీసుకి వెళ్ళే ముందు వచ్చి, మమ్మల్ని బండితో ఫొటో తీసి వెళ్ళాడు. పక్క సీట్లో సుగుణ. ఊరు దాటాక జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"బ్యానర్ కట్టిన రోజే అనుకున్నాను, బండి ముక్కు మూసేస్తున్నారే అని."

"మరి చెప్పలేదేం?"

"ఎవరు నేర్పించారంటారుగా" అంది, కిటికీలోంచి బయటికి చూస్తూ.

కుక్కని తిప్పుతున్న పెద్దాయన గుర్తొచ్చాడు. అందరికీ తెలిసింది, ఒక్క నాకు తప్ప. చెప్పబోయినవాళ్ళ నోళ్ళన్నీ నేనే కట్టేశాను, అదీ మూలకి రెండేసి ముడులేసి.

తొమ్మిదింటికి ఫోన్ మోగింది. అనిల్. సుగుణ స్పీకర్ పెట్టింది.

"అంకుల్, ఇందాకటి ఫొటో ఇప్పుడు చూస్తున్న. క్యాంపర్ ఎడమ టైర్ల గాలి తక్కువున్నట్టుంది. నాకు అట్లనే అనిపిస్తుందేమో, తెల్వదు."

పొద్దున నేనే చూశాను ఆ టైర్లు. నాలుగూ బాగున్నాయి. నా పాత మాట నాలుక చివరికొచ్చింది. సుగుణ నా వంకే చూస్తోంది.

"మంచిది నాయనా" అన్నాను. బండి పక్కకి తీసి, దిగి, వెనక్కి నడిచాను.