బావకు వినిపించే దగ్గు

మా బావ పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనిస్తాడు. పిడిని చెవికి ఆనించుకుంటాడు. కళ్లు మూసి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతాడు. ఆ వేలు దిగేదాకా వర్క్‌షాపులో ఎవరూ తుమ్మకూడదు. దిగాక ఒకటే మాట.

“దగ్గుతోంది.”

ఇక ఆ ఇంజను విప్పాల్సిందే. రేసు మోటారుసైకిళ్ల ఇంజన్లు కట్టడం మా పని. కట్టడం అని పేరుకే గాని, పక్కనే లేతు మిషను దగ్గర నిలబడి పంతొమ్మిదేళ్లుగా నేను చూసింది ఎక్కువగా విప్పడమే. అక్క మొగుడు కాబట్టి మానలేను.

ఇంట్లోనూ ఆ స్క్రూడ్రైవరు ఆయన్ని వదలదు. ఫ్రిజ్ దగ్గింది. నీళ్ల మోటారు దగ్గింది. ఒక మధ్యాహ్నం మా నాన్న పడక్కుర్చీలో కునుకు తీస్తుంటే ఆయన రొమ్ము మీదా ఆనించాడు. నాన్న ఒక కన్ను తెరిచి, “అల్లుడూ, దగ్గుతున్న మాట నిజమే. విప్పకు నాయనా,” అన్నాడు.

అక్క కుట్టుమిషను మాత్రం చాలాకాలం ఆయన చేతికి చిక్కకుండా బతికింది. పోయిన వేసవిలో అక్క స్నానానికి వెళ్లిన పావుగంటలో దాన్నీ విప్పాడు. తిరిగి బిగించాక ఒక చిన్న స్ప్రింగు మిగిలింది.

“ఇది లేకపోయినా నడుస్తుంది,” అన్నాడు బావ.

“ఆ లెక్కన మీరు లేకపోయినా ఇల్లు నడుస్తుంది,” అంది అక్క.

మిషను నడవలేదు. స్ప్రింగు బావ చొక్కా జేబులో చేరింది. రేపు పెడతానన్నాడు. ఆ రేపు మూడు నెలలైంది.

మాకు ఇంజన్లు ఇచ్చేది ఒకే ఒక్క టీము. దాని యజమాని చీకటి గదిలో కూడా నల్లకళ్లద్దాలు తీయడు. ఆయన వెనకే అల్లుడు తిరుగుతుంటాడు, చంకలో కొత్త హెల్మెట్టుతో. ఇంకా ఎవరూ అతనికి బండి ఇవ్వలేదు. బండి నడిపేది ఒక అమ్మాయి. బావను బాబాయ్ అంటుంది.

ఆ నెల ఇంజను పరీక్ష బల్ల మీద ఆరు గంటలు తిరిగింది. యాక్సిలరేటరు బావ చేతిలో, అంకెల పుస్తకం నా చేతిలో. అంత ఆరోగ్యంగా ఉన్న ఇంజన్ని నేను ఎరగను. బావ వేలు దించి, “చూద్దాం,” అన్నాడు. ఆయన నోట అది సన్మానపత్రం.

గురువారం ఇంజన్ని బండికెక్కించాం. యజమాని, అల్లుడు, అమ్మాయి వచ్చారు. అమ్మాయి బండెక్కి యాక్సిలరేటరు తిప్పింది. బావ స్క్రూడ్రైవరు ఆనించాడు.

“మళ్లీ తిప్పమ్మా.”

తిప్పింది.

“ఇంకోసారి.”

వేలు దిగింది. బావ ఇంజను వంక కాకుండా అమ్మాయి వంక చూశాడు.

“దగ్గుతోంది.”

యజమాని ఎగిరిపడ్డాడు. “ఏమయ్యా మేస్త్రీ, ఆదివారం రేసు పెట్టుకుని ఇప్పుడు దగ్గేమిటి?”

“రేసు నేను పెట్టలేదండీ.”

“నాకేం వినబడలేదే!”

“అద్దాలు పెట్టుకున్నారు కదండీ.”

“ఎన్నాళ్లు పడుతుంది?”

“మూడు వారాలు.”

“మూడు వారాలకి ఇంకో రేసుంది. అప్పటికీ ఇవ్వకపోతే మా ఇంజన్లన్నీ వేరే షాపుకి పోతాయి. గుర్తుంచుకో!”

బావ అప్పటికే రెండు బోల్టులు ఊడదీశాడు. అమ్మాయి బండి దిగింది. హెల్మెట్టు ఎడమచేత్తో అందుకుని వెళ్లిపోయింది.

మూడు వారాలు బావ ఆ ఇంజన్ని విప్పాడు, కిరసనాయిలులో కడిగాడు, కొలిచాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. నా పుస్తకంలో అంకెలు వెంట్రుకవాసి మారలేదు.

“బావా, ఆయన పోతే మనం షాపు మూసుకోవాలి. ఇంతకీ ఏం మారుస్తున్నావు?”

“ఏమీ మార్చట్లేదు.”

“మరి దగ్గో?”

“తగ్గాలి కదా. దానికీ టైము పడుతుంది.”

నీ మొగుడికి మతి పోయిందే అని అక్కతో చెప్పాను. “నీకిప్పుడు తెలిసిందా?” అంది అక్క.

గడువు రోజున మళ్లీ ముగ్గురూ వచ్చారు. యజమానికి ఫోనొస్తే బయటికి నడిచాడు. వెనకే అల్లుడు. అమ్మాయి బండెక్కి ఇంజను స్టార్టు చేసింది. బావ స్క్రూడ్రైవరు తీశాడు. దాని మొన ఇంజనుకు ఆనించలేదు. అమ్మాయి కుడి మణికట్టుకు మెల్లగా ఆనించాడు. కళ్లు మూశాడు. వేలెత్తాడు.

అమ్మాయి యాక్సిలరేటరు తిప్పింది. చప్పుడు ఎక్కడా తెగకుండా లేచింది.

“తగ్గింది,” అన్నాడు బావ.

అమ్మాయి ఇంజను ఆపింది. “ఆ రోజే కనిపెట్టేశావా బాబాయ్?”

“నా చేతికి ఒక్క ఊపున లేచిన ఇంజను నీ చేతికి రెండు ముక్కలుగా లేచింది. నొప్పి ఉన్న చెయ్యి మధ్యలో ఆగుతుంది. ఎక్కడ పడ్డావు?”

“ప్రాక్టీసులో. కట్టు విప్పి నాలుగు రోజులే అయింది. ఆయనకి చెప్పలేదేం?”

బావ స్క్రూడ్రైవరుతో గుమ్మం వైపు చూపించాడు. బయట అల్లుడు హెల్మెట్టును చొక్కా అంచుతో తుడుచుకుంటున్నాడు.

నేను అంకెల పుస్తకం మూసేశాను.

యజమాని లోపలికొచ్చాడు. “ఇంతకీ జబ్బేమిటో చూపించు మేస్త్రీ.”

బావ జేబులో చెయ్యి పెట్టి కుట్టుమిషను స్ప్రింగు తీశాడు. “ఇదండీ.”

యజమాని దాన్ని నల్లద్దాల ముందు అటూ ఇటూ తిప్పి చూశాడు. “నేను అనుకుంటూనే ఉన్నాను,” అన్నాడు.

ఆదివారం అమ్మాయి రెండో స్థానంలో వచ్చింది. ఆ కప్పు యజమాని ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంది. పక్కనే ఎర్ర గుడ్డ మీద స్ప్రింగు. వచ్చినవాళ్లందరికీ దాన్ని తానెలా కనిపెట్టాడో చెబుతుంటాడు.

రేసు మర్నాడు పొద్దున్నే బావ బజారుకెళ్లి కొత్త స్ప్రింగు తెచ్చి కుట్టుమిషనులో బిగించాడు. చక్రం తిప్పుతూ స్క్రూడ్రైవరు ఆనించాడు. కళ్లు మూశాడు. వేలెత్తాడు. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

“ఊఁ, చెప్పండి. దగ్గుతోందా?”

వేలు దిగింది.

“లేదు.”

పంతొమ్మిదేళ్లలో ఒక యంత్రం గురించి ఆయన ఆ మాట అనడం అదే మొదలు. మనసు మారేలోగా అక్క స్క్రూడ్రైవరు లాక్కుంది.