చేపల బండి హారన్

నాది ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం. సెలవు రోజుల్లో పాత పికప్ బండితో కాలక్షేపం. తుక్కులో కొన్న ఆ బండికి తుప్పు గీకి, రంగు వేసి, వెనక బల్లలకు వార్నిష్ కొట్టాను. వాటి మీద మా ఆవిడను కూరగాయల సంచీ కూడా పెట్టనిచ్చేవాణ్ణి కాదు. పాత బండికి పాత హారనే అందమని, రబ్బరు బుడ్డి హారన్ ఒకటి వెతికి బిగించాను.

కిందటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరం యారాడ బీచికి బయల్దేరాం. కొండ దిగే మలుపులో సరదాగా హారన్ కొట్టాను. ఊళ్లోకి వచ్చేసరికి నలుగురు ఆడవాళ్లు చేపల తట్టలతో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. బండి పూర్తిగా ఆగకముందే తట్టలు వెనక్కి ఎక్కేశాయి. వార్నిష్ మీద చేపల నీళ్లు కారాయి.

"ఇది చేపల బండి కాదమ్మా," అన్నాను.

వాళ్లలో పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "మరి ఆ హారనేటి? మా బండోడు ఆ మలుపుకాడ ఇలాగే కొడతాడు. ఇయాల ఆడు రాలేదు. ఐసు కరిగిపోతంది బాబూ, ఈటినేటి సెయ్యమంతావు?"

మా ఆవిడ డోరు తీసుకుని దిగింది. ముందు సీటు పెద్దామెకిచ్చి, తను వెళ్లి వెనక తట్టల మధ్య కూర్చుంది. ఇసుకలో కాలు పెట్టకుండానే చేపల మార్కెట్‌కి బండి తిప్పాను.

తర్వాత ఆ బల్లల్ని సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కలతో రుద్దాను. వాసన పోలేదు. కూరగాయల సంచీ ఇప్పుడు వాటి మీదే వస్తోంది.

యారాడ ఇప్పటికీ వెళ్తుంటాం. ఆ మలుపులో హారన్ కొట్టే ముందు మాత్రం, వెనక ఖాళీ ఉందో లేదో ఒకసారి చూసుకుంటాను.