పక్క సీటు కూడా నాదే

కంచరపాలెం మెట్టు దగ్గర టీ కొట్టు బల్ల మీద తాతబాబు కూర్చున్నాడంటే ఆ పూట ఇంకెవరికీ నోరు తెరిచే వీలుండదు. పోర్టులో ముప్పై ఏళ్లు క్రేను నడిపి రిటైరైన మనిషి. హుద్‌హుద్ తుఫానులో కొట్టుకుపోతున్న ఓడను కొక్కేనికి తగిలించి తెల్లారేదాకా పట్టుకున్నది ఆయనే. పైలట్ ఒకటికి వెళ్తే విమానం స్టీరింగ్ పట్టిందీ ఆయనే. నిజానికి ఆయన విమానాన్ని కింద నుంచి తప్ప చూడలేదు. ఆ సంగతి తనొక్కడికే తెలుసనుకునేవాడు.

చెన్నైలో మేనకోడలి పెళ్లి కుదిరింది. టీ కొట్టు ఎదురుగా ఉన్న ఫిరోజ్ ట్రావెల్స్‌లో పనిచేసే సుమయ్యాకు కార్డు నంబరిచ్చి మొదటిసారి విమానం టికెట్ తీయించాడు. పెళ్లి ఇంకా నెల రోజులుందనగా కార్డు బిల్లు వచ్చింది. అదే తేదీ, అదే షాపు, ఆరువేల ఎనిమిదివందల నలభై, రెండుసార్లు.

షాపులో పదిమంది ఉండగా వెళ్లి బిల్లు బల్ల మీద కొట్టాడు.

"ఏటమ్మా ఇది? ఒక్క మనిషికి రెండు టికెట్లేటి? నానేటి కవలపిల్లల్లా కనిపించానా?"

సుమయ్యా బిల్లు చూసింది, ఆయన్ని చూసింది. ఫోన్ దాకా వెళ్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఓసారి చూసి చెప్తాను బాబాయ్" అంది.

"సూసేదేటి, దొరికిపోనావు. ఫిరోజ్ బావా, కొట్టులో దొంగని పెట్టుకున్నావు."

అప్పుడే బ్యాంకుకు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాడు. విచారణ అయ్యేదాకా ఆ మొత్తం తాత్కాలికంగా వెనక్కి వేస్తున్నామని వారానికి మెసేజ్ వచ్చింది. తాత్కాలికంగా అన్న మాట మింగేసి మిగతాది టీ కొట్టులో చదివి వినిపించాడు. బ్యాంకు మేనేజరు లేచి నిలబడి దండం పెట్టాడన్నది తన సొంతం.

ఆ మెసేజే ఫిరోజ్‌కు చూపిద్దామని వెళ్లేసరికి సుమయ్యా టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది.

"ఇయ్యాల్టితో మానిపించేత్తన్నాను బావా" అన్నాడు ఫిరోజ్. "దొంగన్న మాట పడ్డాక ఈ కొట్టుకి ఎవులొత్తారు?"

తాతబాబు గబగబా బయటికొచ్చేశాడు. వెనకే వచ్చిన సుమయ్యా, ఆగి ఉన్న ఆటో పక్కన, ఫోన్ ఆయన చెవికి ఆనించింది. తన గొంతే.

"అమ్మాయ్, తాతబాబునమ్మా. నాను ఇమానం ఎక్కితే పక్క సీటు కూడా నాదే ఉండాల. మోసేతులు పట్టవు. ఎప్పుడూ అంతే. ఏసేయ్."

గుర్తొచ్చింది. టీ బల్ల దగ్గర నలుగురు వింటున్నారని, వాళ్లకోసమే పంపిన మెసేజ్. తర్వాత సుమయ్యా ఫోన్ చేసి ఇంకో ఓటీపీ అడిగితే, ఓడ కథ మధ్యలో ఉండి గడగడా చదివేశాడు.

"నిజంగానే అడిగారనుకున్నాను బాబాయ్."

"మరి ఆరోజే ఇనిపించాల్సింది కదమ్మా?"

ఆమె అదే మెసేజ్ మళ్లీ పెట్టి, ఫోన్ ఆయన చెవి దగ్గరే ఉంచింది. అది అయిపోయినా ఆపలేదు, ఫోనులో దానంతటదే రెండోది మొదలైంది. ఈసారి గొంతు బాగా చిన్నది, ఇంట్లో తలుపేసుకుని మాట్లాడింది. "అమ్మాయ్, ఎవులికీ సెప్పకు. ఇమానంలో కిటికీ తీత్తే గాలి మరీ కొడతాదా? నాకు కళ్లు తిరుగుతాయి."

"ఆరోజు షాపు నిండా మీవాళ్లే ఉన్నారు, అది పెడితే వెంటే ఇదీ మోగేది" అంది సుమయ్యా. "బ్యాంకు అడిగినప్పుడు మొదటిదొక్కటే పంపుదామనుకున్నాను. ఈలోపు ఫిరోజ్ భాయ్ పనికి రావద్దన్నాడు."

తాతబాబు చెవులు కాలిపోయాయి. లోపలికెళ్లి, పొరపాటు నాదే బావా అని గొణిగేస్తే చాలదా అనుకున్నాడు. దొంగన్న మాట మాత్రం తను గొణగలేదు.

టీ కొట్టు దగ్గరివాళ్లను కేకేశాడు. కొత్త కథేదో ఉందని అందరూ వచ్చారు. షాపు బల్ల మీద సుమయ్యా ఫోన్ పెట్టి సౌండ్ పెంచాడు. మోచేతుల దగ్గర గొల్లున నవ్వారు. రెండోది మొదలవుతుందని సుమయ్యా ఆపబోయింది. తాతబాబు చెయ్యి అడ్డుపెట్టి, నేల చూస్తూ, చివరిదాకా విన్నాడు.

"పిల్ల తప్పేటీ లేదు. నానే దొంగతనం అంటగట్టేసినాను. బ్యాంకుకి ఇప్పుడే సెప్తాను" అన్నాడు. తల ఎత్తలేకపోయాడు.

ఫిరోజే సుమయ్యా సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి, దాని పాత చోట పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకాయన మాత్రం మెల్లిగా అడిగాడు.

"ఇంతకీ తీత్తారేటి, కిటికీ?"

జన్మలో మొదటిసారి తాతబాబు దగ్గర జవాబు లేదు. సుమయ్యా వైపు చూశాడు.

"తియ్యరు" అంది ఆమె, కంప్యూటర్ ముందు కూర్చుంటూ.