తాబేలూ కొంగా, నడిమి కాగితాలూ

మా మిషను బడిలో కూడబలుక్కుని చదివే పిల్లల కోసం ఒక చిన్న అచ్చుపుస్తకం ఉండేది. తాబేలుకీ కొంగకీ స్నేహం, నాలుగే అధ్యాయాలు. దసరా సెలవులకు పంతులమ్మగారు దాన్ని నాకూ నా స్నేహితురాలికీ కలిపి ఇచ్చారు. మా ఇల్లు కాలువకు ఈవల, వాళ్ళది ఆవల.

వాళ్ళ తాతగారు వైద్యులు. తాటాకు గ్రంథానికి నకలు తీయాలంటే తాడు విప్పి, ఆకులు శిష్యులకు తలా కొన్ని పంచేవారు. "మనమూ అలాగే పంచుకుందామే" అంది నా స్నేహితురాలు. పుస్తకమంటే విప్పి పంచుకునేదే కాబోలని నేనూ సరేనన్నాను. తీరా కుట్టు విప్పి మొదటి అధ్యాయం లాగితే, మడతకు అటువైపు చివరి అధ్యాయం కూడా వచ్చేసింది. చింపడానికి చేతులు రాలేదు. మొదలూ చివరా తనకి, నడుమ రెండు అధ్యాయాలు నాకు దక్కాయి.

మర్నాడు పెద్దవాన. కాలువ పొంగి బల్లకట్టు ఆపేశారు. నేను గుమ్మంలో కూర్చుని ఒక్కొక్క అక్షరమే పట్టుకుని చదివాను. కొంగ తన స్నేహితుడి నడకను నలుగురిలో వెక్కిరించింది. తాబేలు మాట మానేసింది. నా కాగితాలు అక్కడికి సరి. నాకు ఏడుపు ఆగలేదు.

చేపలకు ఉప్పు పట్టిస్తున్న అమ్మ కంగారుగా వచ్చింది. "ఏంటే, ఎవరికేమైంది?"

"తాబేలు కొంగతో మాట్లాడ్డం లేదమ్మా."

అమ్మ నవ్వలేదు. మొత్తం మళ్ళీ చదివించుకుని, "ఎంత మాటంది ఆ కొంగ! కలిశారో లేదో కనుక్కోవే" అని తనే నన్ను గట్టుకు లాక్కుపోయింది.

కేకేస్తే స్నేహితురాలు ఆవలి గట్టుకు వచ్చింది.

"తాబేలు మళ్ళీ మాట్లాడిందా?" అని అరిచాను.

"అసలెప్పుడు మానేసింది? నా దాంట్లో ఇద్దరూ కలిసి ఎండ కాగుతున్నారు."

అమ్మ "హమ్మయ్య" అని అక్కడే కూలబడింది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. జరిగిన తగువంతా గొంతు చించుకుని చెప్పాను.

"మనం మాత్రం నడిమి కాగితాలు వదిలేద్దామే" అంది తను, అంతా విని.

వదల్లేకపోయాం. ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. ప్రతిసారీ ముందు వచ్చి పలకరించింది తనే. చివర ముందే చదివిన మనిషి కదా.