గిర్నీ మోటరు, గ్రూపు లొల్లి

ఈ ఎండాకాలం ఒక మంగళవారం, పొద్దున పదిన్నరకు మా గిర్నీ మోటరు కాలిపోయింది. హుస్సేనీ ఆలంలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే రోజులు. మా ఇల్లు గడిచేది ఆ గిర్నీ మీదే. నడిపేది నా కోడలు.

తెల్లారినప్పటి నుంచి స్టార్టరు మాటిమాటికీ పడిపోయి మోటరు ఆగిపోతోంది. గిర్నీలవాళ్ల వాట్సాప్ గ్రూపులో కోడలు అడిగింది. ఒకడు వెంటనే రాశాడు: "స్టార్టరు డబ్బాల చిన్న చక్రం ఉంటది, ఆఖరిదాంక తిప్పు. నేను ఇంజనీర్‌ని." ఏం మోటరని కూడా అడగలేదు. ఇంకొకాయన రాశాడు: "ఏం పట్టిస్తున్నరు? బెల్టు ఎంత బిగువుంది? చూడకుంట నేను చెప్పలేనమ్మా." దాని కింద నవ్వే బొమ్మలు వరస కట్టాయి. "చెప్పరాకుంటే గ్రూపుల ఎందుకున్నవ్ భాయ్, చాయ్ తాగనీకా?"

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. కూడబలుక్కుని, ఒక్కటీ వదలకుండా చదువుతాను. ఆ రెండో ఆయన మాట పైకి చదివాను.

"ఆయనకు ఏం రాదు అత్తమ్మా. ఆయనే అంటుండు గదా."

"రాదనలే బిడ్డా. చూడాలె అన్నడు."

బయట మిరపకాయల గంపతో ఒకామె నిలబడి ఉంది. కోడలు చక్రం తిప్పేసింది. మోటరు మీద బరువెక్కినా ఇక స్టార్టరు పడలేదు, మోటరును ఆపలేదు. కాసేపటికి పొగ.

ఆ సంగతి గ్రూపులో పెడితే ఇంజనీరు ఏమన్నాడు? "నువ్వే తప్పు తిప్పినవ్."

"ఆఖరిదాంక అన్నది నువ్వే గదన్నా" అని కోడలు రాసింది.

జవాబుగా వాడు తన సర్టిఫికెట్ ఫొటో పెట్టాడు. అది చూసి మరొకడు తనదీ పెట్టాడు. ఇద్దరూ ఇంగ్లీషులో తిట్టుకున్నారు. మా మోటరు ఊసే లేదు. "పొరపాటయింది చెల్లే" అన్నవాడు ఒక్కడూ లేడు. కాలిన తీగ చుట్ట మార్చడానికి మోటరు విప్పిన వైండింగు భాయ్, "కాలినంక అసలు రోగం ఏందో ఏం చెప్పాలె" అన్నాడు. తెలియదని చెప్పడానికి అతనికి సిగ్గనిపించలేదు.

చదువు రానప్పుడు, గట్టిగా మాట్లాడే చదువుకున్నవాళ్లది నిజమే అనుకునేదాన్ని. ఇంత కష్టపడి నేర్చుకున్నది ఈ కుళ్లు చదవడానికా? రోత పుట్టింది. ఆ గ్రూపును కోడలి చేతనే తీసేయించాను.

ఆ పొద్దున పొగలో ఉన్నవాళ్లం: నేను, ఏడుస్తున్న నా కోడలు, గంపతో వచ్చిన పురానాపూల్ ఆమె, పరుగున వచ్చి మెయిన్ స్విచ్చి ఆపిన పక్క దుకాణం దర్జీ భాయ్. ఇంకెవరూ లేరు.