బాపు గొంతుతో కొలత

మా ల్యాబులో గొంతు కణాల్లో డీఎన్‌ఏ ఎంత ఉందో కొలుస్తాం. ఆరోగ్యమైన కణాల్లో అది దాదాపు ఒకే మోతాదులో ఉంటుంది, అందుకని కంప్యూటర్ తెర మీద గీత ఒకేచోట గుట్టలా లేస్తుంది. క్యాన్సర్ కణాల్లో చాలాసార్లు ఆ మోతాదు తప్పుతుంది, గుట్ట పక్కకు జరుగుతుంది. జరిగిందని తెలియాలంటే అసలు చోటేదో తెలియాలి కదా. అందుకే ఎప్పుడూ ఒక ఆరోగ్యవంతుడి కణాలు పక్కన పెట్టుకుంటాం.

ఆ ఆరోగ్యవంతుడు దొరకడమే గగనం. బీడీ, గుట్కా, మందు ముట్టని పెద్ద వయసు మగవాళ్ళు కావాలంటారు మా మేడం. అలాంటివాళ్ళు శంషాబాద్‌లో విమానం దిగితే తప్ప దొరకరని విసుక్కున్నాను. చివరికి అందరం ఇంట్లోవాళ్ళను పట్టుకొచ్చాం. నేను మా బాపును తెచ్చాను. పాల్మాకులలో టమాట, వంకాయ పండించే మనిషి, చాయ్ తప్ప ఏ అలవాటూ లేదు. డాక్టరు టార్చి వేసి చూసి, చిన్న బ్రష్‌తో గొంతు లోపల రుద్ది కణాలు తీశాడు.

బాపు సంబరం చూడాలి. "మందికి రోగం ఉన్నదా లేదా అని నా గొంతు పెట్టి సూస్తరట" అని చాయ్ హోటల్ దగ్గర అందరికీ చెప్పాడు. నాకు సిగ్గేసింది.

ఆయన కణాలకు రంగు పట్టించి మిషన్‌లో పెట్టింది నేనే. గుట్ట ఉండాల్సిన చోటే లేచింది. దాని పక్కన ఇంకో చిన్న గుట్ట లేచింది. రెండు కణాలు అతుక్కున్నా ఇంకో గుట్ట వస్తుంది కానీ, అది సరిగ్గా రెట్టింపు చోట కనబడుతుంది, ఇది ఆ రెండు చోట్లకూ నడిమధ్యలో ఉంది. మిషన్‌ను తిట్టాను, రంగును తిట్టాను. మిగిలిన కణాలతో మొత్తం మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. ఆఖరికి నా గొంతు కణాలు తీయించి పక్కన పెట్టాను. నాది ఒక్కటే గుట్ట, చక్కగా ఉంది. నాది కూడా వంకరగా వస్తే తప్పు మిషన్‌దయ్యేదని ఏడుపొచ్చింది.

దీన్నిబట్టి ఏదీ తేల్చకూడదని, ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుందని మేడం అన్నారు. అందరికీ నేను చెప్పే మాటే అది. అయినా భయం ఆగలేదు.

ఇంటికొచ్చాక బాపు తింటుంటే ప్రతి ముద్దా ఎలా దిగుతుందో చూస్తూ కూర్చున్నాను. నడుమ నడుమ నీళ్ళు తాగుతున్నాడు. ఎప్పటినుంచి తాగుతున్నాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గొంతు బొంగురుపోయిందని కూడా అప్పుడే అనిపించింది, మార్కెట్‌లో అరిచినందుకో మరెందుకో.

తన గొంతుతో ఎంతమందిని కొలిచామని అడిగాడు. భయంతో నాకు కోపం వచ్చింది, గట్టిగా అనబోయి తమాయించుకున్నాను.

"ఎవరినీ కొలువలే బాపు. నీదే ఇంకోసారి చూడాలె. రేపు దవాఖానకు పోదాం."

గ్లాసు కింద పెట్టాడు. "మరి నాది పనికి రాకపోతే ఎవలది పెట్టిన్రు?" అన్నాడు.

"నాదే పెట్టిన."

ఆయన ముఖంలో భయం అప్పుడు చూశాను.

"నీది మంచిగున్నదా బిడ్డా?" అన్నాడు.