కుడి చెవి మీద సున్నం

భర్తకి భక్తి కుదిరితే సంతోషించే భార్యలు ఉంటారు. ఈవిడ ఆ రకం కాదు. పైపుల మిస్త్రీ ఒక ఉదయం ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, "ప్రార్థన మందిరానికి వెళ్లొస్తా" అంటే, ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. ఊరికే."

పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన మందిరం గడప తొక్కింది మోటారు చెడిపోయినప్పుడే. ఎవరైనా దేవుడి మాటెత్తితే, "ఆయనకి నాతో పనుంటే కబురు పెడతాడులే, కుళాయిలు నేనే కదా బాగుచేసేది" అనేవాడు. అలాంటి మనిషి మర్నాడూ వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. దీని వెనక ఏదో ఉందని ఆవిడకి అర్థమైపోయింది. ఏదో కాదు, ఎవరో.

ఆవిడ పని అలాంటిది. మార్కెట్ వెనక వీధిలో లాండ్రీలో మరకలు తీస్తుంది. అక్కడ అందరూ మరకలక్క అంటారు. కాలరు తిరగేసి, చేతి అంచు చూసి, ఆ చొక్కా తొడుక్కున్నవాడు నిన్న ఎక్కడ కూర్చున్నాడో, ఏం తిన్నాడో, ఇంట్లో ఏమని చెప్పి వెళ్లాడో చెప్పగలదు. చాలాసార్లు ఆ చెప్పింది నిజమే అవుతుంది. తప్పయినప్పుడు కూడా ఆవిడ ఒప్పుకోదు. మనిషిని అడగడం దండగ, బట్టని అడగాలి అంటుంది.

అందుకని భర్త చొక్కాని అడిగింది. సెంటు వాసన లేదు. పొడుగు వెంట్రుక లేదు. కుడి భుజం మీద కొంచెం సున్నం ఉంది. మనిషిని చూస్తే, కుడి చెవి మీద కూడా ఉంది.

"ఈ సున్నం ఎక్కడిది?"

"గోడకి తల ఆనించి దండం పెట్టుకున్నా."

"తల ఆనిస్తే నుదుటికి అంటాలి. చెవికి అంటిందేం?"

"తల జారింది."

"రోజూ జారుతోందా?"

మిస్త్రీ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని బయటపడ్డాడు.

ఇక్కడ ఈవిడ ఇలా ఆరా తీస్తుంటే, అక్కడ ఆయన పేరు పెరిగిపోతోంది. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసి మరీ చెప్పింది. "మీ ఆయన్ని చూస్తే ఒళ్లు పులకరిస్తుందనుకోండి. గోడని పట్టుకుని, కళ్లు మూసుకుని, ఈ లోకంలో ఉండరు. మా ఆయనా ఉన్నాడు, ప్రార్థనలో కూర్చుంటే గురక."

మందిరంలో మేడ మెట్ల కింద ఎడమ గోడ దగ్గర మిస్త్రీ అలా నిలబడడం చూసి, ఒకరిద్దరు తామూ వెళ్లి ఆ గోడకి తల ఆనించారట. మోకాళ్ల నొప్పులున్న ఒక బామ్మగారికి నొప్పి కాస్త తగ్గిందట. దాంతో జనం పెరిగారు. ఇప్పుడు ఆ గోడ దగ్గర వరస కడుతున్నారు. మిస్త్రీ కూడా వరసలోనే నిలబడాల్సి వస్తోందట.

"వరసలో ఆడవాళ్లు ఉంటారా?" అని మరకలక్క అడిగింది.

"ఎక్కువ ఆడవాళ్లేనండీ."

ఆవిడకి ఆ మాట చాలు. మర్నాడు లాండ్రీకి ఆలస్యంగా వస్తానని కబురు పెట్టి, భర్త వెళ్లిన కాసేపటికి తలుపు తాళం వేసి బయల్దేరింది.

మందిరం పొడుగాటి హాలు. చెక్క బెంచీలు, పైన ఒక పక్కగా వయసు మళ్లినవాళ్లు కూర్చునే మేడ. ఆ మేడని మోస్తున్నది ఎడమ గోడే. మరకలక్క ఒక స్తంభం చాటున కూర్చుంది. వరసలో ఉన్న ఆడవాళ్లని ఒక్కొక్కరినే తేరిపార చూసింది. ఒకామె మిస్త్రీని చూసి నవ్వింది. ఆమె వయసు చూసి ఆ నవ్వుని వదిలేసింది.

మిస్త్రీ వంతు వచ్చింది. అటూ ఇటూ చూశాడు. కుడి చెవి గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదలలేదు. ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు.

ఆ ముఖం ఆవిడకి తెలుసు. పెళ్లయిన కొత్తలో, వంటింటి గోడలో ఎక్కడో నీరు కారుతోందని చెప్తే, ఆయన ఒక ఇనుప చువ్వ గోడకి ఆనించి, రెండో కొస చెవిలో పెట్టుకుని, సరిగ్గా ఇలాగే నిలబడ్డాడు. మాట్లాడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. తర్వాత వేలితో ఒక చోటు చూపించి, "ఇక్కడ" అన్నాడు. అక్కడే ఉంది.

ఈయన ప్రార్థన చేయడం లేదు. నీళ్ల చప్పుడు వింటున్నాడు.

ఆడమనిషి లేదని తేలినందుకు మరకలక్క మనసు కుదుటపడాలి. పడేదే. కానీ ఆ గోడలో పైపు వేసింది ఎవరో అప్పుడే గుర్తొచ్చింది.

మేడ మీద కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు కట్టినప్పుడు ఆ పని చేసింది ఆవిడ తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి పెంచింది ఆవిడే. పెళ్లినాడే భర్తతో, "నాతో పాటు వీడూ వస్తాడు" అని చెప్పేసింది. ఆయన సరే అన్నాడు. పని నేర్పాడు. వాడు చేతికందాక సొంతంగా పట్టుకున్న మొదటి పెద్ద పని ఈ మందిరానిదే. పని అయ్యాక మందిరం పెద్దాయన వేదిక మీద నిలబెట్టి వాడికి దండ వేశాడు. మందిరం వాళ్ల భవనాలన్నిటి మరమ్మతులూ వాడికే ఇచ్చారు. వాడు దుకాణం తెరిచాడు, బోర్డు పెట్టాడు. ఆ బోర్డు ముందు నిలబడి దిగిన ఫోటో మరకలక్క ఇంట్లో గోడకి ఉంది.

ఆ రోజు భోజనం దగ్గర ఆవిడ భర్తకి వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"ఎన్నాళ్లుగా కారుతోంది?"

ఆయన చెయ్యి ఆగింది. "ఏది?"

"మీరు రోజూ చెవి పెట్టి వినేది."

కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత, "అతుకు దగ్గర తొందరపడ్డాడు," అన్నాడు. "నేను అప్పుడే చూసి చెప్పా. 'ప్లాస్టరింగ్ వాళ్లు కూర్చున్నారు బావా, ఏం కాదులే' అన్నాడు."

"మీరు ఊరుకున్నారు."

"వాడి పని. పదిమందిలో నేను నోరు పెడితే వాడి పరువేం కాను?"

"ఇప్పుడు వాడికి తెలుసా?"

"మొదట్లోనే చెప్పా. రేపు విప్పుతానన్నాడు. ఆ రేపు రాలేదు. చప్పుడు పెరిగితే నేనే పెద్దాయనకి చెప్దామని రోజూ వెళ్లి వింటున్నా. పెరగడం లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కంచంలోకి చూశాడు.

"నేను వాడి తరఫున మాట్లాడతాననా?"

"ఎప్పుడు మాట్లాడలేదు గనక?"

ఆవిడకి ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకున్న చోట ఇంకో అనుమానం మొలిచింది. ఈయన నిజంగా తమ్ముడి పరువు కోసమే ఊరుకున్నాడా? ఇన్నాళ్లూ ఊళ్లో మిస్త్రీ అంటే ఈయనే. ఇప్పుడు పెద్ద పనులన్నీ వాడికి పోతున్నాయి. వాడు ఎప్పుడు బోర్లా పడతాడా అని గోడకి చెవి పెట్టి ఎదురుచూస్తున్నాడేమో.

ఆ సాయంత్రం లాండ్రీ నుంచి అటే తమ్ముడి దుకాణానికి వెళ్లింది. వాడు బోర్డు కింద కుర్చీలో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆవిడ్ని చూసి ఫోన్ పెట్టేశాడు.

"ఏంటక్కా, ఇలా వచ్చావు?"

"మందిరం గోడలో నీళ్లు కారుతున్నాయంటగా."

"బావ చెప్పాడా?" నవ్వాడు. "బావకి వయసైపోయిందక్కా. పైపులో నీళ్లు వెళ్తుంటే చప్పుడు రాదా? ఆయనకి ప్రతి చప్పుడూ కారుడే. అసలు సంగతి అది కాదులే. పనులు నాకొస్తున్నాయని కడుపుమంట."

భోజనం దగ్గర్నుంచి తను అనుకుంటున్నదే. కానీ అదే మాట వాడి నోట వింటే నమ్మబుద్ధి కాలేదు. అలవాటు కొద్దీ వాడి చొక్కా చూసింది. చొక్కా శుభ్రంగానే ఉంది. తల ఎత్తి ముఖం చూసింది.

"ఇవాళ మందిరానికి వెళ్లావా?"

"నాకేం పని అక్కడ?"

"చెవి తుడుచుకో."

వాడు చెయ్యి చెవి మీద పెట్టుకున్నాడు. వేళ్లకి తెల్లగా అంటింది. ఇద్దరూ ఆ వేళ్లనే చూశారు. ఫోన్ మోగింది. వాడు తియ్యలేదు.

"బోర్డు దింపేస్తారక్కా," అన్నాడు చివరికి. "కొంచెం టైమివ్వు. సెలవుల్లో జనం తగ్గాక నేనే విప్పి, మూసేస్తా. ఎవరికీ తెలియదు."

ఆవిడ ఇంటికొచ్చింది. భర్త "ఏమన్నాడు?" అని అడిగితే "దుకాణంలో లేడు" అంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఒకరు దాస్తుంటే ఒకరు వెతికారు. ఇప్పుడు ఇద్దరూ దాస్తున్నారు.

తర్వాత కొన్నాళ్లకి ఒక ఉదయం మిస్త్రీ వెళ్లినంత వేగంగా తిరిగొచ్చాడు. చెవి మీద సున్నం తుడుచుకోలేదు. సంచీ కింద పెట్టి గుమ్మంలోనే కూర్చున్నాడు.

"చప్పుడు ఆగిపోయింది."

"మంచిదేగా?"

"కాదు. పైపులో నీళ్లున్నాయి, నేను నీళ్ల మీట తిప్పి చూసొచ్చా. లోపల ఖాళీ అంతా నిండిపోయి ఉంటుంది. నీళ్లలోకి నీళ్లు కారితే వినపడదు. గోడ తాగేస్తోంది. మేడ ఇనుప దూలాలు ఆ గోడలోనే ఉన్నాయి."

"అయితే?"

"రేపు వారం ప్రార్థన. మేడంతా ముసలివాళ్లే."

ఆ సాయంత్రమే పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. కుర్చీ వేయించి, గౌరవంగా కూర్చోబెట్టి, అంతా విని, భుజం తట్టాడు.

"మిస్త్రీ, ఆ గోడలో నీకేదో వినిపిస్తోందని అందరూ అంటూనే ఉన్నారు."

"నీళ్లండీ."

"ఏదైతేనేం. ఇప్పుడు ఆ గోడ పగలగొడతానంటే జనం నన్ను బతకనివ్వరు. నీ బావమరిదిని కూడా అడిగా, ఏమీ లేదన్నాడు. నీ భక్తి కొద్దీ నీకు భయం వేస్తోంది. ఇంటికెళ్లి పడుకో."

మిస్త్రీ ఇంటికొచ్చి ఆ మాటలన్నీ భార్యకి చెప్పాడు. "నేనే భక్తుణ్ణని నమ్మించా. ఇప్పుడు మిస్త్రీనంటే ఎవరూ నమ్మడం లేదు," అన్నాడు.

ఆవిడ గిన్నెలు సర్దింది. గోడ మీద ఫోటో వైపు మాత్రం చూడలేదు.

మర్నాడు భర్తతో పాటు ఆవిడా వెళ్లింది. హాలు నిండుతోంది. మేడ మెట్ల దగ్గర ముసలివాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కబోతున్నారు. తమ్ముడు వేదిక పక్కన పెద్దాయనతో నిలబడి ఉన్నాడు. మరకలక్క మొదటి మెట్టు ఎక్కి, దారికి అడ్డంగా నిలబడింది.

"ఎవరూ పైకి వెళ్లకండి," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ లాండ్రీ మోతలో అలవాటైన గొంతు, చివరి బెంచీ దాకా వెళ్లింది. "మా ఆయన ఇక్కడికొచ్చి ఒక్క రోజు కూడా ప్రార్థన చెయ్యలేదు. గోడలో పైపు వింటున్నాడు. అది కారుతోంది. వేసింది మా తమ్ముడు."

ఎక్కబోతున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మోకాళ్ల నొప్పుల బామ్మగారు ముందుగా తేరుకుంది.

"మరి నా మోకాలో, అమ్మాయ్?"

"మీ మోకాలి సంగతి నాకు తెలియదు బామ్మగారూ. కింద కూర్చోండి."

పెద్దాయన ఆవిడ తమ్ముడి వైపు తిరిగాడు. వాడు అక్కని చూడలేదు. బావని చూశాడు. బావ తల వంచుకుని నిలబడ్డాడు, తప్పు తనదే అయినట్టు.

"విప్పాలి సార్," అన్నాడు తమ్ముడు.

నీళ్ల మీట వాడే కట్టేశాడు. బావ సంచీలోంచి సుత్తీ ఉలీ తీసి అందిస్తే, వాడే కొట్టాడు. సున్నం పెచ్చు ఊడగానే బురద నీళ్లు బెంచీల కింద నుంచి గుమ్మం దాకా వెళ్లాయి. లోపల ఇటుకలు చేత్తో తీస్తే వచ్చేశాయి. దూలం కొస తుప్పు పట్టి పొరలు పొరలుగా ఉంది. పెద్దాయన దాన్ని వేలితో ముట్టుకుని, వేలు రుమాలుకి తుడుచుకున్నాడు.

బోర్డు దిగింది. తమ్ముడు చాలాకాలం అక్క ఇంటికి రాలేదు. తర్వాత బావ దగ్గరే పనికి కుదిరాడు. ఇద్దరూ మాట్లాడుకునేది పైపుల గురించే. అక్కతో ఇప్పటికీ గుమ్మం అవతల నుంచే రెండు మాటలు. ఫోటో మాత్రం గోడకే ఉంది. తియ్యమని వాడు అడగలేదు, ఆవిడా తియ్యలేదు.

మిస్త్రీ పేరు కూడా పోయింది. దారిలో కనపడితే గౌరవంగా పక్కకి తప్పుకునేవాళ్లు ఇప్పుడు తప్పుకోవడం లేదు. పక్కింటావిడ, "ఎంత నటించారండీ మీ ఆయన" అంది. బామ్మగారు మాత్రం కుడి గోడకి మారింది. అక్కడా బాగానే ఉందట.

ఇదంతా అయ్యాక ఒక ఉదయం మిస్త్రీ ఉతికిన చొక్కా వేసుకుని తల దువ్వుకుంటున్నాడు.

"ఎక్కడికి?"

"మందిరానికి."

"పని అయిపోయిందిగా."

"కొత్త అతుకు ఎలా ఉందో చూడాలి."

"ఎన్నాళ్లు చూస్తారు?"

"చూడాలి," అని వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాడు. తిరిగి రాగానే ఆవిడ ముందు కుడి చెవి చూస్తుంది, తర్వాత నుదురు చూస్తుంది. రెండూ శుభ్రంగానే ఉంటాయి. కొత్త గోడకి సున్నం కాదు, నూనె రంగు వేశారు. అది దేనికీ అంటదు. ఆవిడ చొక్కా తిరగేసి, కాలరు వెలుతురుకి పట్టి, భుజాలు తడిమి చూసి, ఏమీ దొరక్క బకెట్లో నానబెడుతుంది.